సాయంత్రం ఓ పది నిమిషాలు వాళ్ల పక్కన కూర్చో తల్లీ

తల్లీ, వృద్ధాశ్రమంలో ఆయాగా కొత్తగా చేరావు. నీకు ఓపికుంది, మనసూ మంచిదే. నర్సుగా పనిచేస్తూనే పెద్దదాన్నయ్యాను, నీకు అమ్మమ్మ వయసుదాన్ని. ఒక్క మాట చెబుతాను, విను.

దీపాలు పెట్టే వేళకి కొందరికి బెంగ ముంచుకొస్తుంది. గుమ్మం వైపే చూస్తుంటారు. కొంగు చివర మెలిపెడుతూ, "అబ్బాయి ఫోన్ చేశాడా?" అని అడిగిందే అడుగుతారు. అప్పుడు "ఏం కాదులెండి, ఆలోచించకండి" అనకు. వద్దంటే ఆగే ఆలోచన ఎక్కడైనా ఉంటుందా? పక్కనే కుర్చీ వేసుకుని, "కంగారుగా ఉందా మామ్మగారూ?" అని అడుగు. ఉందంటే ఉండనివ్వు. కాసేపాగి, "నేల కాళ్లకి చల్లగా తగులుతోందా?" అను. కాఫీ గ్లాసు రెండు చేతుల మధ్యా పెట్టి, ఆ వెచ్చదనం, ఆ వాసన, మొదటి గుక్క రుచి ఎలా ఉన్నాయో చెప్పించు. మనసు మళ్లీ కొడుకు దగ్గరికి పోతుంది. పోనీ. విసుక్కోకుండా మళ్లీ గ్లాసు దగ్గరికి తీసుకురా.

మైండ్‌ఫుల్‌నెస్ అంటున్నది దీన్నే. అమెరికాలో జాన్ కబాట్-జిన్ అనే ఆయన బౌద్ధ ధ్యానంలోంచి తీసుకుని, మొండి నొప్పులతో బాధపడేవాళ్ల కోసం 1979లో ఓ శిక్షణగా మలిచాడు. అందులో మొదట నేర్పేది ఒక్క కిస్‌మిస్‌ని చూస్తూ, తాకుతూ, నెమ్మదిగా నమలడం. మన పెద్దవాళ్లలో మింగడం కష్టమైనవాళ్లుంటారు, గొంతుకి అడ్డం పడుతుంది. అందుకే కిస్‌మిస్ వద్దు. ఆ శిక్షణలో రోజూ ముప్పావుగంట సాధన చేయమంటారు. మనకి పది నిమిషాలు చాలు, అదీ కుర్చీలోనే.

కళ్లు మూసుకోమని బలవంతపెట్టకు, కొందరికి ఆ చీకటే భయం. కిటికీలోంచి కనిపించే చెట్టుని చూడమను. వినపడనివాళ్లకి అరిచి చెప్పకుండా చేతిమీద చెయ్యి వెయ్యి. ఆయాసం ఉన్నవాళ్లని శ్వాస గమనించమనకు, కంగారు ఇంకా పెరుగుతుంది. వాళ్లకి పాదాలు, అరచేతులు చాలు. మిగతావాళ్లని ఊపిరి కాస్త నిదానంగా వదలమను.

కొత్తగా గుండె దడ మొదలైతే మాత్రం ఇది బెంగేలే అని నువ్వే తేల్చేయకు. థైరాయిడో, గుండె జబ్బో కావచ్చు, డాక్టరుగారికి చెప్పు. కంగారు తగ్గడానికిచ్చే ఆల్ప్రజోలం లాంటి మాత్రలతో ఈ వయసులో తూలిపడే ప్రమాదం ఎక్కువ. అలాగని ధ్యానం చేస్తున్నారు కదా అని వాటిని ఉన్నట్టుండి మానిపించకు. మానిపించాలన్నా, తగ్గించాలన్నా డాక్టరే చెప్పాలి. నీకేం తోచనప్పుడు మానసిక ఇబ్బందులకి సాయం చేసే టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యి, తెలుగులోనే మాట్లాడతారు.

ఇంకో మాట, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. బాత్రూములో పట్టుకోవడానికి కమ్మీ లేక భయపడే మనిషికి ధ్యానం నేర్పకు, కమ్మీ పెట్టించు. కొడుకు నిజంగానే నెలల తరబడి ఫోన్ చేయకపోతే, ఆఫీసులో నంబరు అడిగి కలిపి ఇవ్వు. వాళ్ల బాధకి కారణం కళ్లెదుట ఉన్నప్పుడు, మనసు కుదుటపరచుకోమని చెప్పడం అన్యాయం తల్లీ.

ముందు మీ వార్డెనమ్మని అడుగు, సాయంత్రం కాఫీ ఇచ్చాక పది నిమిషాలు నీకు వేరే పని చెప్పొద్దని.