అత్త సొమ్ము, అల్లుడి దానం



అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని మన పల్లెల్లో సామెత. విని నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గాని, ఈమధ్య ఆ అల్లుడి స్థానంలో మనమే నిలబడవలసి వచ్చింది.

మన యౌవనస్థుడొకడు బళ్ళారి కొండమీది కోట ఫోటో ఒకటి వికీమీడియా కామన్స్‌లో చేర్చాడు. 2004లో మొదలైన ఈ కామన్స్ ఫోటోలకూ బొమ్మలకూ ఒక ఉచిత గ్రంథాలయం వంటిది. అందులో ఒక్కసారి చేర్చిన ఫోటోను తెలుగు వికీపీడియావారూ, కన్నడ వికీపీడియావారూ, ఏ దేశంలోని బడిపిల్లలైనా వాడుకోవచ్చు. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకూ, బళ్ళారి మైసూరుకూ వెళ్ళాయి. ఆనాటి నుండి ఇంట్లో ఒక భాష, బజారులో మరొక భాషగా బ్రతుకుతున్న మనకు, భాషతో పనిలేని ఫోటో ఎంత మేలు చేస్తుందో వేరే చెప్పనక్కరలేదు. పని మంచిదే. అయితే కొద్దిరోజులకే అక్కడివారు ఆ ఫోటోను తీసివేశారు. కారణం, అది ఇంటర్నెట్‌లో దొరికిన ఎవరిదో ఫోటో. దాని కింద మనవాడు ‘నా సొంత పని’ అని వ్రాశాడు.

అబ్బాయి చాలా నొచ్చుకున్నాడు. “కోట ఎవరి సొత్తన్నా? ఎప్పటి పాత కోటో అది. నేనేమన్నా డబ్బుకోసం చేశానా? నలుగురికీ పనికొస్తుందనే గదా!” అన్నాడు. మొదట మాకూ అతని మాటే న్యాయంగా తోచింది. నెమ్మదిగా ఆలోచిస్తే తప్పు తెలిసింది. కోట అందరిదీ, నిజమే. కాని ఎవరో ఒక మనిషి బళ్ళారి ఎండలో ఆ బండరాతి మెట్లెక్కి, వెలుతురు కోసం కాచుకొని ఆ ఫోటో తీశాడు. ఆ కష్టం అతనిది. మన దేశపు 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, 2012 సవరణ తరువాత, ఫోటో మీద హక్కు తీసినవాని జీవితకాలమంతా, ఆ పైన మరి 60 ఏళ్ళూ ఉంటుంది. ఉద్దేశం మంచిదైనంత మాత్రాన పరుల కష్టం మనదైపోదు. పొరుగువాని జేబులోని రూపాయి తీసి కానుక సంచిలో వేస్తే, అది ఎవరి కానుక?

ఇది తేలికగా తేలిన సంగతి. తరువాత వచ్చిన ప్రశ్న అంత తేలిక కాదు.

తుంగభద్ర కాలువల కింద భూములు సాగులోకి వచ్చినప్పుడు కోస్తా జిల్లాల నుండి మనవాళ్ళు వచ్చి సిరుగుప్ప వైపు క్యాంపులు వేసుకున్నారు. ఆ రోజుల్లో మన మొదటి ప్రార్థన పాక ముందు తీయించుకున్న ఫోటో ఒకటి సంఘపు ఆల్బములో ఉంది. దానిని కామన్స్‌కు ఇద్దామనుకున్నాము. ఇది ఎవరిది? డబ్బిచ్చి తీయించుకున్న ఫోటో మీద, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కు తీయించుకున్నవారిదేనని చట్టం చెబుతున్నది. అంటే సంఘానిదే. కాని రసీదు లేదు. స్టూడియో మూతపడింది. తీసినాయన చనిపోయాడు. “అడిగేవాడెవడు, ఇచ్చేద్దాం” అన్నారు కొందరు. అడిగేవాడు లేడు గనుక మనదే అనుకోవడం సాక్షి లేడు గనుక దొంగతనం కాదన్నట్టుంటుందని మరికొందరన్నారు. కామన్స్ నియమం కూడా ఇదే. హక్కు సంగతి గట్టిగా అనుమానంలో ఉంటే ఆ బొమ్మను అక్కడ ఉంచరు.

చివరకు ఆ ఫోటోగ్రాఫరు కుమారుణ్ణి వెదకి పట్టుకున్నాము. ఆయన ఫోటో చేతిలోకి తీసుకొని చాలాసేపు చూశాడు. “ఇవ్వండి, నాకేమీ వద్దు. మా నాయన పేరు మాత్రం వేయండి” అన్నాడు. ఆ మాట చట్టంలోనూ ఉంది. హక్కు ఎవరి చేతికి పోయినా, ఈ పని నాదని చెప్పుకొనే హక్కు చేసినవానికి మిగిలే ఉంటుంది. మేము చట్టం చదివాము గాని, ఇన్నేళ్ళలో ఆ ఫోటో కింద ఆయన పేరు వ్రాయాలని మాలో ఒక్కరికీ తోచలేదు. సంఘం తరఫునా, ఆయన తరఫునా అనుమతి కాగితాలు వ్రాసి పంపాము.

ఎవరినీ అడగనక్కరలేని ఫోటోలూ ఉన్నాయి. మన బళ్ళారి రాఘవగారు 1946లో కన్నుమూశారు. ఆయన బ్రతికుండగా తీసిన ఫోటోలకు ఆనాటి చట్టం ఇచ్చిన రక్షణ, నెగెటివ్ తయారైన నాటి నుండి 50 ఏళ్ళు. ఆ గడువు ఎప్పుడో తీరింది. భవనాల ఫోటోలు, బహిరంగ స్థలంలో శాశ్వతంగా నిలిపిన విగ్రహాల ఫోటోలు తీసి ప్రచురించడానికి కూడా మన చట్టం ఒప్పుకుంటుంది. గోడమీద వేసిన చిత్రానికీ, ఫ్లెక్సీ బోర్డు మీది బొమ్మకూ ఆ వెసులుబాటు లేదు.

ఇక ఇవ్వడం అంటే ఏమిటన్నది మూడవ ప్రశ్న. కామన్స్‌కు ఇచ్చిన ఫోటోను ఎవరైనా, దేనికైనా వాడుకోవచ్చు, అమ్మకపు సరుకు మీద కూడా. ‘వ్యాపారానికి వద్దు’ అని షరతు పెడితే వారు తీసుకోరు. ఒకసారి ఇచ్చిన అనుమతిని తిరిగి తీసుకోవడమూ కుదరదు. ఇది వినిపించగా ఒక పెద్దమ్మ, “అయితే మా అమ్మ బొమ్మ అగ్గిపెట్టె మీద వేసుకుంటారా నాయనా?” అని అడిగింది. మాకు జవాబు దొరకలేదు. కాపీరైట్ ఫోటో తీసినవానిది, లేదా తీయించినవారిది. ముఖం మాత్రం ఆ మనిషిది. అందుచేత ఫోటోలో గుర్తుపట్టగలిగిన ప్రతి కుటుంబాన్నీ అడిగాము. పాక ముందు ఫోటోకు అందరూ ఒప్పుకున్నారు. మరొక ఫోటోకు ఒక కుటుంబం వద్దన్నది. దానిని ఆల్బములోనే ఉంచాము. కాపీరైట్ చట్టం మమ్మల్ని ఆపలేదు, మనస్సాక్షి ఆపింది. లోకానికి ఒక మంచి ఫోటో తక్కువైంది. అయినా ఆ ఇంటివారి ముందు తల ఎత్తుకొని కూర్చోగలుగుతున్నాము.

కాబట్టి మేము నేర్చుకున్నది ఇంతే. ఇవ్వకముందు, ఇది నిజంగా నాదేనా అని అడుగుకోవాలి. ఇచ్చేటప్పుడు, దీనిని పూర్తిగా వదులుకోగలనా అని అడుగుకోవాలి. మొదటిదానికి జవాబు లేనివాడు పరుల సొమ్ము పంచుతాడు. రెండవదానికి జవాబు లేనివాడు ఇచ్చి మళ్ళీ చెయ్యి చాపుతాడు.

ప్రతి సంఘమూ తమ పాత ఫోటోలు తీసి, ఎవరు తీశారు, ఏ సంవత్సరం, ఎవరు తీయించారు, అందులో ఎవరెవరున్నారు అన్న వివరాలు ఇప్పుడే ఒక పుస్తకంలో వ్రాసి ఉంచవలెనని కోరుతున్నాము. చెప్పగలిగిన పెద్దలు ఇంకా మన మధ్య ఉన్నారు.

ఆ యౌవనస్థుని సంగతి చెప్పలేదు కదా. ఒక ఆదివారం తెల్లవారకముందే లేచి, తానే కొండెక్కి, తన ఫోనుతోనే కోటను ఫోటో తీశాడు. మొదటిదంత అందంగా లేదు. ఒక మూల అతని వేలు కూడా పడింది. ఆ ఫోటోను ఎవరూ తీసివేయలేదు.