డబ్బిచ్చి కొన్న దొంగసొత్తు

2013 సెప్టెంబరులో 'అత్తారింటికి దారేది' విడుదల కాకముందే సగం సినిమా బయటికి పొక్కింది. కృష్ణా జిల్లా పెడనలో సీడీలు అమ్ముడుపోయాయి. ఆ సీడీ చేసినవాడి కన్నా కొన్నవాడి గురించే నాకు ఆలోచన. ఇంకా విడుదలే కాని సినిమాకి అసలు సీడీ ఎక్కడిది? తెలిసే కొన్నాడు.

అలాంటి మనిషి పక్కింటి జామకాయ అడక్కుండా కోయడు. కొట్టువాడు చిల్లర ఎక్కువిస్తే తిరిగిచ్చేస్తాడు. మరి ఇక్కడ ఆ నీతి ఎటు పోయింది?

టికెట్ రేట్లు మండిపోతున్నాయంటాం. నిజమే, నలుగురున్న ఇంటికి సినిమా అంటే ఆ వారం లెక్క తప్పినట్టే. కానీ సినిమా చూడకపోతే ప్రాణం పోదు కదా! హీరోకి కోట్లిస్తున్నారు, మనవల్ల ఎవరికి నష్టమంటాం. ఒకరి సైకిలు ఎత్తుకొస్తే వాళ్లింట్లో సైకిలుండదు. సీడీ కొంటే ఎవరింట్లోనూ ఏదీ తగ్గినట్టు కనపడదు. కనపడని నష్టం మనసుకు తగలదు.

అసలు కిటుకు మాత్రం వేరే ఉందనిపిస్తుంది. బస్టాండు పక్కన బండి మీద ఒకప్పుడు నేనూ కొన్నాను. "కెమెరా ప్రింటా, మాస్టర్ ప్రింటా?" అని ఆరా తీశాను, బేరమాడాను, నోటు తీసిచ్చాను. దొంగ బేరమాడతాడా? డబ్బిస్తాడా? కాబట్టి నేను దొంగను కాను! ఆ నోటుతో సీడీతో పాటు నా పెద్దమనిషితనాన్నీ కొనుక్కున్నాను.

ఇంటికొచ్చి పెడితే తెర మీద ఎవరిదో తల అడ్డం లేచింది. హాల్లో జనం నవ్వులూ అందులో పడ్డాయి. టికెట్ కొన్నవాళ్లు నవ్విన చోటల్లా మేమూ నవ్వాం.

సినిమాటోగ్రాఫ్ చట్టానికి 2023లో చేసిన సవరణ ప్రకారం, దొంగచాటుగా రికార్డు చేసినవాడికి మూడు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు. ఇంట్లో కూర్చుని చూసేవాడి ఊసు అందులో లేదు. వాడి తీర్పు వాడే చెప్పుకోవాలి.

సగం బయటపడిన ఆ సినిమానే సెప్టెంబరు 27న విడుదలై ఘనవిజయం సాధించింది. సీడీ చూసినవాళ్లలోనూ కొందరు క్యూలో నిలబడే ఉంటారు. టికెట్ డబ్బు ఇవ్వడానికి జనానికి చెయ్యి రాదనలేం. అందేంత ధర పెట్టారా అని సినిమావాళ్లూ తమను తాము అడిగి చూసుకోవాలి.

నా మటుకు నాకు ఒక్కటే తేలింది. వెల కట్టడం వేరు, బాకీ తీర్చడం వేరు. బండివాడికి వెల ఇచ్చేశాను. నన్ను నవ్వించినవాడికి మాత్రం ఇంకా బాకీనే.