చదువలేని పేర్లు

పాఠము: హెబ్రీయులకు 13 : 14



విశాఖపట్నమునకు ఈశాన్యమున, గోస్తని నది సముద్రములో కలియుచోట భీమునిపట్నము కలదు. మొన్న సంఘ యౌవనస్థులతో అచ్చటికి వెళ్లితిమి. ఊరిలో డచ్చివారి పాత సమాధులున్నవి. రాళ్లమీద పేర్లు ఎంతో శ్రద్ధగా చెక్కబడియున్నవి. మాలో ఒక్కరమును వాటిని చదువలేకపోతిమి.

డచ్చివారనగా హాలెండు దేశస్థులు. వారు 1605లో మచిలీపట్నమున వర్తకము మొదలుపెట్టి, ఆ శతాబ్దములోనే భీమునిపట్నమునకు వచ్చిరి. మన నేతగాండ్ర బట్టలు కొని ఓడలకెక్కించిరి, కోట కట్టుకొనిరి. 1754లో మరాఠీలు వారి స్థావరమును దోచుకొనిరి. 1825లో ఊరు ఇంగ్లీషువారి వశమాయెను. పిమ్మట కూడ రేవు చాలకాలము కళకళలాడెను. ఓడలు లోతు నీటిలో లంగరు వేసి నిలువగా, పడవలవారు అలలకెదురేగి సరుకు చేరవేసెడివారు. మన పొలములలోని గోగునార ఈ ఊరి పేరుతోనే విదేశములలో అమ్ముడుపోయెను. 1933లో విశాఖపట్నమున ఓడలు గట్టునకే చేరు రేవు తెరచిన తరువాత ఇచ్చటి వర్తకము సన్నగిల్లెను.

యెహెజ్కేలు 27వ అధ్యాయములో తూరు పట్టణపు సంగతి చదువుడి. ఎన్ని ఓడలు, ఎన్ని సరుకులు, ఎందరు బేరగాండ్రు! ఆ వైభవమును పోయెను.

అయితే మన పిల్లలు విశాఖ రేవులోను ఉక్కు కర్మాగారములోను పనిచేయుట వ్యర్థమని తలంచవద్దు. ఆ జీతముతోనే మనలో అనేకుల యిండ్ల పొయ్యి రాజుచున్నది. కష్టార్జితమును దేవుడు ఆశీర్వదించును. వ్యర్థమైనది, ఇచ్చట మన పేరు నిలుపుకొనవలెనను ఆశ.

మీకు తెలిసినదే. క్రొత్త గుడి గోడకు పెట్టు రాతిపలకమీద ఎవరి పేరు ముందుండవలెనని ఆరు నెలలుగా తగవులాడుచున్నాము. రెండు కుటుంబములవారు ప్రభువు బల్లకు వచ్చుట మానిరి. ఆ పలకపై మా పేరుండవలెనని మేమును కోరితిమి. మీ యెదుట ఒప్పుకొనుచున్నాము. ఆ సమాధుల నడుమ నిలిచినప్పుడు మాకు సిగ్గు కలిగెను.

రాయి ఉప్పుగాలికి అరిగిపోవును. అరుగకున్నను, చదువువారు లేకపోవుదురు. గొఱ్ఱెపిల్ల జీవగ్రంథములోని పేరు మాత్రము ఏ గాలికిని చెరగదు.

వచ్చే ఆదివారము ఆరాధన పిమ్మట పెద్దల కూటమున్నది. మొదట మా పేరు మేమే కొట్టివేయుదుము. సాయంకాలము ఆ రెండు ఇండ్లకును వెళ్లి, బల్లకు రమ్మని బ్రతిమాలుదుము. మీలో ఎవరు మాతో కూడ వత్తురు?

సమాధానకర్తయగు దేవుడు మనలను ఏకము చేయును గాక. ఆమేన్.