నాది అంటే

పోయినేడాది డబ్బులిచ్చి ‘కొన్న’ సినిమా ఒకటి యాప్‌లోంచి మాయమైంది. అడిగితే, మీరు కొన్నది సినిమా కాదండీ, చూసుకునే లైసెన్సు అన్నారు. ఆ ఉక్రోషంతో పాత ల్యాప్‌టాప్‌లో జెల్లీఫిన్ పెట్టాను. 2018లో ఎంబీ తన సోర్స్ కోడ్‌ని మూసేసుకుంటే, కొందరు అప్పటిదాకా ఉన్న కోడ్ తీసుకుని విడిగా నడుపుతున్న ఓపెన్ సోర్స్ సర్వర్ అది. అటక మీది డీవీడీలు, నాన్న పద్యాలు పాడిన క్యాసెట్, అన్నీ ఫైళ్లుగా మార్చి ఎక్కించాను. ఇక ఇవి నావి, ఎవరూ తీసేయలేరు అనుకున్నాను.

మూడో నెలలో హార్డ్ డిస్క్ పోయింది. బ్యాకప్ లేదు. డీవీడీలు మళ్లీ ఎక్కించుకోవచ్చు. క్యాసెట్ మాత్రం, ఫైలు ఉందిగా ఇంకెందుకని నేనే పారేశాను. ఆ యాప్ వాళ్లు కనీసం ‘ఒప్పుకుంటున్నాను’ అని నాచేత టిక్ పెట్టించుకున్నారు. నేను అమ్మని ఒక్క మాట అడగలేదు.

ఇంకొకరు తీసేసుకోలేనిదే నాది అనుకునేవాణ్ణి. అది హక్కు వరకే సరిపోయే మాట. పోయినప్పుడు జవాబు చెప్పుకోవాల్సింది నేనే అయితే, అదీ నాది.

ఇప్పుడు ఉన్నవాటికి రెండు కాపీలు తీశాను. ఒకటి చెల్లి ఇంట్లో ఉంటుంది. క్యాసెట్ సంగతి అమ్మకి ఇంకా చెప్పలేదు. ఈ ఆదివారం చెప్పాలి.