నిల్వకు హద్దెక్కడ?

మనుస్మృతి నాలుగో అధ్యాయం బ్రాహ్మణ గృహస్థు ఎలా బతకాలో చెబుతూ నాలుగు మెట్లు చూపిస్తుంది. గాదెనిండా ధాన్యం ఉన్నవాడు, కుండెడు ధాన్యం ఉన్నవాడు, మూడు రోజులకు సరిపడా ఉన్నవాడు, రేపటికి గింజ కూడా దాచనివాడు. వీళ్లలో ముందువాడికంటే తర్వాతివాడు మేలని కూడా చెబుతుంది. గృహస్థును తూచడానికి అతని పాండిత్యాన్నో, పుట్టిన వంశాన్నో తీసుకోకుండా ఇంట్లోని నిల్వను తీసుకోవడం ఆలోచించవలసిన విషయం. సామాను ఎక్కడ పెట్టాలన్నది ఇల్లాలి తలనొప్పి అనుకుని పెద్దలు వదిలేయలేదన్నమాట. అది ధర్మానికి సంబంధించిన ప్రశ్నే.

ఆ ప్రశ్న ఇవాళ రాజమండ్రి అపార్ట్‌మెంట్లలో వేరే రూపంలో వినిపిస్తోంది. చవగ్గా, గట్టిగా ఉండే ఇనప ర్యాకు ఎక్కడ దొరుకుతుంది? గాదె లేదు, అటక లేదు, దూలానికి వేలాడే ఉట్టి లేదు. వంటగది పక్కన ఉన్న నాలుగడుగుల జాగాలోనే 26 కిలోల బియ్యం బస్తా, ఆవకాయ జాడీలు, నూనె డబ్బాలు, పండగకి తప్ప దించని ఇత్తడి బిందెలు, పిల్లల పాత పుస్తకాలు సర్దుకోవాలి. బీరువా కొందామంటే ఖరీదు, పైగా తలుపు తెరవడానికి చోటుండదు. అందుకే తీగల అరలతో నిలబడే ర్యాకు మీదికి చూపు పోతోంది. అవసరం నిజమైనదే, తప్పుపట్టడానికేమీ లేదు. అయితే ఎంత పొడవు ర్యాకు కావాలో టేపుతో కొలిచే ముందు, దాని మీదికి ఎక్కేవి ఏమిటి, ఎన్నాళ్లకి, ఎవరికి అన్న కొలత ఒకటుంది. ఈ వ్యాసం దాని గురించే.

ముందుగా గోదావరి డెల్టా పక్షాన ఒక మాట చెప్పాలి. ఇక్కడివాళ్లకి నిల్వ చేసే అలవాటు ఆశతో వచ్చింది కాదు, ఆకలితో వచ్చింది. 1832-33లో నందన కరువు ఈ సీమను ఊడ్చేసింది. దాని ముందూ వెనకా తుపానులు, వలసలు. పాత రాజమండ్రి జిల్లాలో 1821లో 7 లక్షల 38 వేలున్న జనం 1841 నాటికి 5 లక్షల 61 వేలకు పడిపోయారు. ధవళేశ్వరం దగ్గర కాటన్ ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయ్యాక కాలవ కింద రెండు పంటలు పండాయి గానీ, కరువు చూసిన అవ్వలు గింజను చూసే చూపు మారలేదు. పంట నూర్చగానే వరిగడ్డిని చేత్తో పేని, ఆ పేటను చుట్లు చుట్లుగా పేర్చుకుంటూ, లోపల ధాన్యం పోసుకుంటూ పైకి లేపి, నెత్తిన గడ్డి కప్పితే అది పురి. మండువా లోగిళ్లలో గాదెలుండేవి. వరదొస్తే ముందు పైకెక్కేది విత్తనమే. లంక గ్రామాల్లో అటక అంటే పనికిరాని సామాను పడేసే చోటు కాదు, ప్రాణం దాచుకునే చోటు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరదను, 1996 నవంబరు తుపానును చూసిన కోనసీమవాళ్లకి రేపటికి ఏమీ దాచుకోకపోవడమే గొప్ప అని చెబితే ఎలా నమ్ముతారు?

శాస్త్రం కూడా వాళ్లని అలా వదిలేయలేదు. తైత్తిరీయోపనిషత్తు భృగువల్లి చివర్లో కొన్ని వ్రతాలున్నాయి. అన్నాన్ని నిందించకూడదు. అన్నాన్ని పారెయ్యకూడదు. అన్నాన్ని బాగా పెంచాలి. ఆ వెంటనే, ఇంటికొచ్చినవాణ్ణి కాదనకూడదు, అందుకే ఏదో విధంగా అన్నం సమృద్ధిగా సంపాదించి ఉంచుకోవాలి అంటుంది. ఆ వరస చూడాలి. పెంచమన్న మాటకీ కాదనొద్దన్న మాటకీ మధ్య ఎడం లేదు. కూడబెట్టుకోమన్నది పెట్టడానికే.

మరోవైపు గొంతులు ఇంకా గట్టిగా ఉన్నాయి. భాగవతం పదకొండో స్కంధంలో అవధూత తన ఇరవైనలుగురు గురువుల్లో తేనెటీగను చెబుతాడు. పువ్వు పువ్వునా కొంచెం కొంచెం తీసుకోవడం దాని దగ్గర నేర్చుకున్నాడట. కానీ సాయంత్రానికి, రేపటికి దాచే గుణాన్ని మాత్రం నేర్చుకోకూడదని, దాచినందుకే తేనెపట్టుతోపాటు అది నాశనమవుతుందని హెచ్చరిస్తాడు. ఒకే గురువు దగ్గర పట్టాల్సినదీ వదలాల్సినదీ రెండూ ఉన్నాయన్న ఆ విడమర్పు ఎంతో నిజాయితీగా ఉంటుంది.

బౌద్ధం అంకెల్లోకి దిగింది. భిక్షువు మిగులు చీవరం, అంటే కట్టుకునే వస్త్రం, పది రోజులకు మించి ఉంచుకోకూడదు. నెయ్యి, నూనె, తేనె, బెల్లంలాంటి ఔషధాలు ఏడు రోజులు. వండిన అన్నం ఆ పూటదే, మర్నాటికి దాచితే దోషం. ఏలూరు జిల్లా కామవరపుకోట మండలంలోని గుంటుపల్లి కొండమీద క్రీస్తుకు పూర్వం తొలిచిన గుహల్లో, కోనసీమలో ఆదుర్రు స్తూపం చుట్టూ ఉన్న విహారంలో భిక్షువులు నడుచుకున్నది ఇలాంటి నియమాలతోనే. గుంటుపల్లి గుహల్లో నిలబడి చూస్తే వాటి కొలత అర్థమవుతుంది. మనిషి పట్టే చోటే, వస్తువులకు చోటు లేదు. జైనం సన్న్యాసికి సర్వత్యాగం చెప్పినా, సంసారికి అంత భారం పెట్టలేదు. తత్త్వార్థసూత్రం పొలమూ ఇల్లూ, వెండీ బంగారమూ, ధనమూ ధాన్యమూ అంటూ చివరికి ఇంటి సామాను దాకా జాబితా ఇచ్చి, వీటికి నీ హద్దు నువ్వే పెట్టుకో, పెట్టుకున్నాక దాటకు అంటుంది. ఎంత అన్నది గృహస్థుకే వదిలేసింది. అపార్ట్‌మెంటు మనిషికి అన్నిటికన్నా అక్కరకొచ్చే మాట బహుశా ఇదే.

ఇన్ని మాటలూ పోయి కలిసే మనిషి ఒకరు ఈ డెల్టాలోనే ఉన్నారు. డొక్కా సీతమ్మ 1841లో మండపేటలో పుట్టారు. తండ్రి అనుప్పిండి భవానీశంకరం. వచ్చినవాళ్లకి బువ్వ పెడుతుండేవాడని ఊరంతా ఆయన్ని బువ్వన్న అనే పిలిచేవారు. ఆమె మెట్టిన ఊరు వైనతేయ పాయ ఒడ్డున లంకల గన్నవరం, భర్త డొక్కా జోగన్న. నలభయ్యేళ్లకు పైగా ఆ ఇంటి పొయ్యి ఆరలేదని చెప్పుకుంటారు. ఏ వేళకొచ్చినా, ఏ కులమైనా విస్తరి వేసేవారు. ఒకసారి అంతర్వేది దర్శనానికి బయలుదేరిన ఆమె, దారిలో ఆకలిమీదున్న పెళ్లివారు సీతమ్మ ఇంటికి చేరితే భోజనం దొరుకుతుందని అనుకోవడం విని, నరసింహస్వామిని చూడకుండానే వెనక్కి తిరిగి వచ్చేశారని కోనసీమలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆమె 1909లో పోయారు. ఇవాళ ఆంధ్రప్రదేశ్ బడుల్లో పెట్టే మధ్యాహ్న భోజనానికి ఆమె పేరే. గన్నవరం దగ్గర వైనతేయ మీద నీళ్లు మోసే కొత్త అక్విడక్టుకూ ఆమె పేరే.

సీతమ్మగారిల్లు ఖాళీ ఇల్లు కాదన్న సంగతి మరవకూడదు. వేళకాని వేళ వచ్చిన పదిమందికి అన్నం వండాలంటే బియ్యం సిద్ధంగా ఉండాలి, కందిపప్పు ఉండాలి, జాడీలో ఊరగాయ ఉండాలి, వంటచెరకు వానకు తడవకుండా ఉండాలి. మనుస్మృతి మెట్ల లెక్కన ఆమె అట్టడుగున, గాదెనిండా ధాన్యమున్న మెట్టు మీద నిలుస్తారు. కానీ ఆమె గాదెలో ధాన్యం ఒక చోట నిలిచింది లేదు. ఈ పక్క పోస్తుంటే ఆ పక్క ఖాళీ అయ్యేది. రేపటికి దాచనివాడికి దక్కే పుణ్యం, గాదె ఉన్న ఇంట్లోనే దక్కింది. మనువు మెట్లలో ఎన్ని బస్తాలున్నాయన్న ప్రశ్న ఉంది గానీ, అవి ఎటు పోతున్నాయన్న ప్రశ్న లేదు. సీతమ్మగారి జీవితం చూశాక ఆ రెండోదే పెద్ద ప్రశ్న అనిపిస్తుంది. నిల్వలో దోషమంటూ ఉంటే అది బస్తాల సంఖ్యలో లేదు, కదలని సరుకులో ఉంది. ఎవరికీ చేరకుండా, చివరికి తనకీ గుర్తులేకుండా అటకమీద పడి ఉన్న సరుకులో ఉంది.

తీగల ర్యాకుకు ఇక్కడే ఒక మంచి గుణం కనబడుతుంది. 1960ల్లో అమెరికాలో పెన్సిల్వేనియాకు చెందిన లూయీ మాస్లో పెద్ద పెద్ద వంటశాలల కోసం ఇలాంటి విడగొట్టి బిగించుకునే అరలను రూపొందించాడు. గాలి ఆడాలి, దుమ్ము నిలవకూడదు, ఏమున్నదీ నాలుగు వైపుల నుంచీ కనిపించాలి. బీరువా దాచిపెడుతుంది, ఇది బయటపెడుతుంది. మూడేళ్లుగా ముట్టుకోని డబ్బా రోజూ కళ్లబడుతుంది. జైన గృహస్థు పెట్టుకునే హద్దును కంటితో చూపించే వస్తువు ఇంతకన్నా చవగ్గా దొరకదు.

దాని బిగింపు చూడదగ్గది. నాలుగు గుండ్రటి కంబాలు, వాటి మీద అంగుళానికో గాడి. కావలసిన గాడి దగ్గర రెండు చెక్కల ప్లాస్టిక్ తొడుగు పెడతారు. అది పైన సన్నం, కింద లావు. అర మూలనున్న గొట్టం ఆ తొడుగు మీదికి జారి కూర్చుంటుంది. నట్లు లేవు, బోల్టులు లేవు. పైన బరువు పెట్టేకొద్దీ మూలలు ఇంకా కిందికి ఒరుసుకుని పట్టు బిగుస్తుంది. మళ్లీ విప్పాలంటే చేత్తో లాగితే రాదు, సామానంతా దించేసి కిందనుంచి రబ్బరు సుత్తితో తట్టాలి. మనసుకూ సొత్తుకూ మధ్య పట్టు బిగిసేదీ వదిలేదీ సరిగ్గా ఇలాగే.

కొనేవాళ్లకి పనికొచ్చే మాటలు కొన్ని. కాకినాడ, నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలికి పల్చటి క్రోమియం పూత ఎక్కువకాలం ఆగదు, తీగలు కలిసే అతుకుల దగ్గర ముందు తుప్పు మొదలవుతుంది. తడి తగిలేచోట ఎపాక్సీ పూత గానీ మంచి రకం స్టెయిన్‌లెస్ స్టీలు గానీ మేలు. పెట్టె మీద రాసిన బరువు ఒక్కో అరకా, మొత్తం ర్యాకుకా అన్నది అడిగి తెలుసుకోవాలి. బియ్యం బస్తాలు అట్టడుగు అరలోనే పెట్టాలి. జాడీలు తీగల మధ్య ఒరగకుండా కింద చెక్కపలక వేసుకోవాలి. ఇంకా చవగ్గా కావాలంటే మూతపడిన దుకాణాల్లోంచి పాత ఇనప కొట్లకు చేరే రంధ్రాల యాంగిల్ ర్యాకులున్నాయి. కిలోల లెక్కన తూచి ఇస్తారు, ఊళ్లో వెల్డింగు షాపులో పొడవు తగ్గించుకుని రంగు వేయించుకుంటే ఇంకో తరం వాడుకోవచ్చు. కొత్త ఇనుము తవ్వకుండా పాతదానికి పని చెప్పడం కూడా అపరిగ్రహంలో, అంటే అక్కరకు మించి దగ్గర పెట్టుకోకపోవడంలో, భాగమే.

అపరిగ్రహాన్ని ఈ కాలపు ఇళ్లలోకి తెచ్చినవాడు గాంధీ. 1930లో ఎరవాడ జైలు నుంచి ఆశ్రమవాసులకు వారం వారం రాసిన లేఖల్లో ఒకటి దీని గురించే. అక్కర్లేని వస్తువు దొంగిలించినది కాకపోయినా, దగ్గర ఉంచుకుంటే దొంగసొత్తుకిందే లెక్క అన్నాడు. పూర్తిగా పాటించడం ఎవరివల్లా కాదని ఒప్పుకుంటూనే, ఉన్నవాటిని మళ్లీ మళ్లీ చూసుకుని తగ్గించుకుంటూ పోవాలన్నాడు. ఆ మళ్లీ చూసుకోవడమే అసలు సాధన. సంక్రాంతికి ముందు భోగినాడు పాత సామాను బయటికి తీసే డెల్టా ఇళ్లకి ఇది కొత్తేమీ కాదు, కాల్చడానికి బదులు ఎవరికైనా ఇవ్వడం ఒక్కటే దానికి చేర్చాల్సింది.

ఒక చిక్కు మాత్రం మిగిలే ఉంటుంది. వాడకపోయినా పారెయ్యలేని వస్తువులుంటాయి. పోయిన అమ్మ కంచం, నాన్న చేతికర్ర, నానమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇత్తడి గుండిగ. ఈ జ్ఞాపకాలను భిక్షువుల అంకెలతోనో, జైనుల జాబితాతోనో తూచమనడం క్రూరంగా ఉంటుంది. వాటికి ఒక అర ఇవ్వవచ్చు, ఇవ్వాలి కూడా. కానీ గుండిగ సంగతి వేరే. పదిమందికి వండడానికే పుట్టిన పాత్ర అది. గోదావరి జిల్లాల్లో చాలా ఊళ్లలో రామాలయంలోనో చావడిలోనో పెళ్లిళ్లకీ కర్మలకీ అక్కరకొచ్చే గుండిగలు, గంగాళాలు, జంబుఖానాలు ఉమ్మడిగా ఉంచుకునేవారు. ఎవరికి కావాలంటే వారు తీసుకెళ్లి, తోమి మళ్లీ అక్కడే పెట్టేవారు. ఇప్పుడు టెంటు హౌసులు వచ్చి ఆ పద్ధతి సన్నగిల్లింది. రాజమండ్రిలో వంద ఫ్లాట్లున్న అపార్ట్‌మెంటుకు అలాంటి గది ఒకటి ఉంటే, ఆ గదిలో నాలుగు గట్టి ర్యాకులు ఉంటే, ఇంటింటా అటకలేక సతమతమయ్యే గుండిగలు, నిచ్చెనలు, మడత కుర్చీలు అక్కడికి చేరతాయి. వరద వచ్చిన ఏడాది లంకలకు వండి పంపాల్సివస్తే పాత్రలకోసం వెతకక్కర్లేదు. ర్యాకుల ఖర్చు వందిళ్లు పంచుకుంటే ఒక్కో ఇంటికీ పడేది ఎంతో కాదు, నెలవారీ మెయింటెనెన్సు డబ్బులోంచే సర్దుకోవచ్చు.