వేలిముద్రా, సమ్మతీ

కాగితంమీద వేలిముద్ర వుంటే సమ్మతి వున్నట్టేనా? చట్టానికి ఇది చిన్న ప్రశ్న కావచ్చు; నీతికి పెద్దది. ముట్లుడిగే వయసు రాకముందే గర్భసంచి తీయించుకుంటున్న శ్రామిక స్త్రీల విషయంలో దీన్ని తప్పించుకోలేమని నా అభిప్రాయం.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15-49 సంవత్సరాల స్త్రీలలో ఈ ఆపరేషను జరిగినవారు దేశం మొత్తంమీద నూటికి ముగ్గురు పైచిలుకు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణాలలో నూటికి ఎనిమిది మందికి పైగా. 2015-16 సర్వే ప్రకారం, చేయించుకున్న వారిలో సగంమందికి ఆనాటికి 34 ఏళ్ళు దాటలేదు. ఎక్కువ భాగం ప్రైవేటు ఆసుపత్రుల్లోనే జరిగాయి.

“వాళ్ళకి తెలియదు” అంటారు చదువుకున్నవారు. నేనొప్పుకోను. నెలలో పదిరోజులు రక్తం పోతూ, మరుగులేని పొలంలో నడుం వంచి, మానితే కూలిపోయే మనిషి వేసుకున్న లెక్కలో తప్పు లేదు. మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో 82 వేల పైచిలుకు చెరకు కూలి స్త్రీలను విచారిస్తే, 13 వేల మందికి పైగా గర్భసంచి లేదని 2019లో తేలింది. ఇన్ని వేలమందికి ఒకేసారి అజ్ఞానం కమ్మిందనడం కంటే, అందరి ముందూ ఒకే దారి మిగిలిందనడం సత్యానికి దగ్గర. శ్రామికుడు తన శ్రమను “ఇష్టపూర్వకంగా” అమ్ముకుంటాడన్న వాదం వెనుక నిర్బంధాన్ని మార్క్స్ చూపించాడు. ఈ వేలిముద్ర వెనుక వున్నదీ అదే నిర్బంధం.

“పిల్లల్ని కనడం అయిపోయింది, ఇంకా ఆ సంచి దేనికి?” ఈ మాట డాక్టరు నోటా వింటాం, అత్త నోటా వింటాం. వంశానికి పనికొచ్చినంతకాలమే స్త్రీ దేహానికి విలువన్నది పాత భూస్వామ్య నీతి. పనికి అడ్డొచ్చే అవయవాన్ని కోసెయ్యమన్నది కొత్త మార్కెట్టు నీతి. రెండూ ఇక్కడ చేతులు కలిపాయి. సంచితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే ముట్లుడగడం ఆరోజే వచ్చిపడుతుంది. వుంచినా, ముందుగానే వచ్చే అవకాశం పెరుగుతుంది. ఒంట్లో ఆవిర్లు, నిద్రలేమి, ఎముకల బలహీనత, గుండెజబ్బు ప్రమాదం — ఇవన్నీ ఆమె వాటా. వీటిని ఇంట్లో “చాదస్తం” అంటారు.

అనవసరపు ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలుపరచమని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. మంచిదే. కాని ఆపరేషను అవసరమయ్యే జబ్బులూ వున్నాయి; ఊరికే వద్దనడమంటే ఆమెను నొప్పికి వదిలెయ్యడమే. రక్తస్రావానికి మందులున్నాయనీ, కొన్నిచోట్ల గడ్డను మాత్రమే తీయవచ్చుననీ చెప్పే డాక్టరు దగ్గరలోని సర్కారు ఆసుపత్రిలో వుండాలి. విశ్రాంతి తీసుకున్న రోజుకు కూలి దక్కాలి. నలభై అయిదు దాటిన స్త్రీ ప్రసవంకోసం కాకుండా, తనకోసమే ఆసుపత్రి గడప తొక్కగలగాలి.

వద్దనగల స్థితి వున్నప్పుడే సరేననడానికి అర్థం వుంటుంది. ఆ స్థితిని కల్పించకుండా ఆమె సమ్మతిని సాక్ష్యంగా చూపే సమాజం, తన నేరానికి ఆమెచేతనే వేలిముద్ర వేయిస్తున్నది.