తాళంచెవి ఎవరు తీసుకోవాలి?

ఇంటిపెద్దకు పార్కిన్సన్స్ వ్యాధి అని డాక్టరు చెప్పిన మరునాడే కారు తాళంచెవి దాచేసే కొడుకులున్నారు. నాన్న మనసు నొచ్చుకుంటుందని ఏళ్ల తరబడి నోరు మెదపని కొడుకులూ ఉన్నారు. ఎవరిది ప్రేమ?

1817లో జేమ్స్ పార్కిన్సన్ అనే లండన్ వైద్యుడు దీనిని వణుకు పక్షవాతంగా వర్ణించాడు. ఆ పేరు మూలంగానే కాబోలు, మనమంతా చేతి వణుకునే చూస్తాం. నిజానికి ఒడిలో వణికే చేయి స్టీరింగు పట్టుకుంటే తరచు నెమ్మదిస్తుంది. ప్రమాదం మరోచోట ఉంది: బ్రేకు మీదికి కాలు ఆలస్యంగా వెళ్లడం, రెండు విషయాలు ఒకేసారి గమనించలేకపోవడం, కొన్ని మందుల వల్ల ఉన్నట్టుండి కునుకు పట్టడం. డాక్టరు గదిలో పది నిమిషాల్లో ఇవన్నీ బయటపడవు. మందు పనిచేసే గంట వేరు, దాని ప్రభావం తగ్గిన గంట వేరు. తెలిసినవారు పక్కన కూర్చుని రోడ్డుమీద నడిపించి చూడాలి. ముదిరే వ్యాధి కనుక మళ్లీ మళ్లీ చూడాలి.

వ్యాధి వల్ల నడపడానికి తగడని నమ్మే కారణముంటే అధికారి లైసెన్సు రద్దు చేయవచ్చని 1988 మోటారు వాహనాల చట్టం 16వ సెక్షను చెబుతుంది. అయితే ఆ అధికారికి తెలిసేదెలా? రోజూ ఆ కారులో కూర్చునేది మనమే కదా!

మౌనం రోడ్డు దాటే బడిపిల్లలకు అన్యాయం. తాళంచెవి దాచడం పెద్దాయనను చిన్నపిల్లవాణ్ణి చేయడం. ఆలోచన స్పష్టంగా ఉన్న రోజుల్లోనే ఆయననే అడగండి: "నాన్నగారూ, ఏది కనబడితే ఆపేద్దాం?" ఆదివారం పూజకు ఆయనను ఎవరు తీసుకువెళ్తారో కూడా అప్పుడే చెప్పండి.